కొరియా రేడియోకు నేను వేసిన సున్నాలు

మూడేళ్ల కిందట జూన్‌లో, తెలుగులో నడిచే ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో తొలగింపు చర్చలు ముగించే బాధ్యత నాకు అప్పగించారు. నర్సీపట్నంలో మా ఇంటి నుంచే ఆ పని చేసేవాడిని. జీతం లేకపోయినా హోదాలకు, నియమాలకు లోటు లేదు. వ్యాసాలు రాసేవారు వాడుకరులు. వారు ఎన్నుకున్న కొద్దిమంది నిర్వాహకులు. వ్యాసాన్ని తొలగించే అధికారం నిర్వాహకులకే ఉంటుంది. అంతకుముందు పద్దెనిమిదేళ్లు గొలుగొండ వైపు చెరకు కాటా దగ్గర తూకాలు రాశాను. నాకు వచ్చిన లెక్క అక్కడ సొంతంగా నేర్చుకున్నదే. కళ్లు ఇబ్బంది పెడుతుండటంతో నిరుడు ఈ పని నుంచి కూడా తప్పుకున్నాను.

ఒక వ్యాసం ఉండదగినది కాదని ఎవరికైనా అనిపిస్తే, దాని తలమీద తొలగింపు నోటీసు పెడతారు. ఏడు రోజులు చర్చ సాగుతుంది. ఎనిమిదో రోజున, ఆ చర్చలో నోరు మెదపని నిర్వాహకుడు ఒకరు నిర్ణయం రాస్తారు. ఎంతమంది ఎటు ఉన్నారన్నది లెక్కలోకి రాదు. ఆ విషయంతో సంబంధం లేనివారు, నమ్మదగిన చోట, దాని గురించి వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. అలాంటి ఆధారాలు కనీసం రెండు చూపాలి.

ఆగస్టులో నా వంతుకు వచ్చిన వ్యాసం, కొరియా సంప్రదాయ సంగీతాన్ని మాత్రమే ప్రసారం చేసే ఒక రేడియో కేంద్రం గురించి. రాసింది మా ఊరి సువార్తగారు. చర్చిలో పాటల బృందాన్ని నడుపుతారు, బట్టలు కుడతారు. మిషన్ మీద కూర్చున్నప్పుడు ఫోన్లో ఆ రేడియో వినడం ఆమెకు అలవాటు. రెండు నెలలు కూర్చుని రాసిన మొదటి వ్యాసం అది. నోటీసు పెట్టింది ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే సత్యంగారు. ఆయన పాత వాడుకరి. ఒకే ప్రాంతం వాళ్లం కావడం నియమానికి అడ్డు కాదు.

నా పద్ధతి ప్రకారం పట్టిక గీశాను: పనికొచ్చే ఆధారానికి ఒకటి, పనికిరానిదానికి సున్నా. వ్యాసం అడుగున పద్నాలుగు ఆధారాలు ఉన్నాయి. ఎనిమిది ఆ రేడియో సొంత సైటువి, కాబట్టి సున్నా. రెండు ఇంగ్లీషు పత్రికలవి, కానీ రేడియోవాళ్లు పంపిన ప్రకటననే అచ్చువేశాయి, కాబట్టి సున్నా. మిగిలిన నాలుగూ కొరియా భాషలో ఉన్నాయి. నాకు ఒక్క అక్షరం రాదు. వాటికీ సున్నా వేశాను. మొత్తం సున్నా. తొలగింపు నిర్ణయం రాసి, పంపకుండా ఉంచాను.

మర్నాడు ఆదివారం. ఈ ప్రాంతపు వాడుకరులుగా నెలకోసారి మేం ముగ్గురం శాఖా గ్రంథాలయంలో కలిసేవాళ్లం. నేను వెళ్లేసరికే వాళ్లిద్దరి మధ్య మాట నడుస్తోంది.

“కొరియా పాటలకి మన దగ్గర పేజీ ఏటమ్మా? మా బొమ్మల పేజీ మూడు పేరాలు దాటనేదు” అంటున్నారు సత్యంగారు.

“అయితే మీ పేజీ పెంచుకోండి సత్యంగారూ, నాది కోసేడం దేనికండి?”

“పెంచుదునే. నా సేతులు లక్కకే సాలట్లేదు.”

సువార్తగారు నా వైపు తిరిగి తన కారణం చెప్పారు. ఆ రేడియోవాళ్లు పల్లెలకు వెళ్లి ఊడుపు పాటలు, కోత పాటలు రికార్డు చేసి వినిపిస్తారట. సువార్తగారి అమ్మగారిది కొయ్యూరు దగ్గర కొండ ఊరు. అక్కడి పాటలు ఇంతవరకు ఎవరూ రికార్డు చేయలేదు. ఇలాంటి పని ఒకటి జరుగుతోందని తెలుగులో చదివితే, ఇక్కడా ఎవరికైనా ఆలోచన రావచ్చని ఆమె ఆశ. అది మంచి ఆశే కానీ నియమాల్లో దానికి చోటు లేదని చెప్పి, నా పట్టిక చూపించాను.

ఆమె కింది నాలుగు గడుల మీద వేలు పెట్టారు. “ఇయ్యి సదివేరా మీరు?”

లేదన్నాను.

“మా నాన్న సెరకు బండి మీ కాటాకే వచ్చేది. తూకం అవ్వకముందే దానికి సున్నా ఏసేవోరేటండి?” అని, ఆ కోపంలోనే, “ఇదే లెక్కయితే నానింక రాయనండి. ఇదే ఆఖరు” అన్నారు.

సత్యంగారు నవ్వి, “దొరికిపోయేరు గురువుగారూ” అన్నారు.

నిజమే. తూకం కాని బండికి గడి ఖాళీగా ఉంచేవాళ్లం. పద్దెనిమిదేళ్లు అలా చేసినవాడిని, ఇక్కడ తెలియనిదాన్ని లేనిదాని కింద జమకట్టాను.

ఆ సాయంత్రమే నా నిర్ణయం చెరిపేసి, చర్చను మరో ఏడు రోజులు పొడిగించాను. మా విజ్ఞాన సర్వస్వానికే ఉన్న కొరియా భాషా విభాగంలో ఇతర భాషలవారికి సాయం చేసే పేజీ ఒకటుంది. ఆ నాలుగూ చదివి చెప్పమని అక్కడ అడిగాను. ఆధారాల వేటలో నేనే దిగాను కాబట్టి, తీర్పు ఇక నా చేతిలో ఉండకూడదు. ముగింపు బాధ్యతను మరో నిర్వాహకురాలికి బదిలీ చేశాను.

నాలుగో రోజున జవాబు వచ్చింది. ఒకటి వ్యాపార ప్రకటన. ఒకటి ప్రసార సమయాల మార్పు గురించి రెండు వాక్యాల వార్త. మూడోది విశ్వవిద్యాలయ పత్రికలో వచ్చిన పరిశోధన వ్యాసం, పల్లెపాటల సేకరణలో ఆ కేంద్రం చేసిన పని మీద. నాలుగోది దినపత్రిక విలేకరి స్వయంగా వెళ్లి రాసిన పెద్ద కథనం. పనికొచ్చేవి రెండు. కావలసినవీ రెండే.

వ్యాసం నిలిచింది. అయితే సొంత సైటు నుంచి తెచ్చిన కార్యక్రమాల జాబితాను నిర్వాహకురాలు కత్తిరించడంతో సగానికి తగ్గింది. “సగమే మిగిల్చేరండి” అని సువార్తగారు సణిగారు కానీ, అదే వారం రెండో వ్యాసం మొదలుపెట్టారు. సత్యంగారు తన బొమ్మల పేజీకి ఆధారాలు వెతకడానికి ఆమె సాయమే అడిగారు. “ఎతికేది నానే కదా, మరి నోటీసులు మానేయండి” అని ఆమె షరతు పెట్టారు.

తర్వాత నా పాత పట్టికలన్నీ తిరగేశాను. చదవలేక సున్నా వేసి తొలగించిన వ్యాసాలు ఆరు తేలాయి. తప్పు నాదేనని రాసి, ఆరింటినీ తిరిగి చర్చకు పెట్టాను. రెండు నిలిచాయి. నాలుగు మళ్లీ పోయాయి, పోవడం సరైనదే. ఈసారి వాటి ఆధారాలను ఆయా భాషలు వచ్చినవాళ్లు చదివారు. అప్పటి నుంచి పని మానేవరకు, నా పట్టికలో ‘తెలియదు’ అన్న గడి ఒకటి అదనంగా గీసుకునేవాడిని. అందులో ఒక్కటి మిగిలి ఉన్నా, మొత్తం కూడేవాడిని కాదు.