లారీ మీద యాదగిరి అన్న చెయ్యి

పంజాగుట్ట సందులో ఒక టైల్స్ గోడౌన్‌లో నేను స్టోర్స్ చూసేదాన్ని. లారీలు వెనక్కి వచ్చేటప్పుడు దారి చూపేది యాదగిరి అన్న. లారీ పక్కన అరచేత్తో తడుతూ "రానీ, రానీ" అనేవాడు. గట్టిగా ఒక్క దెబ్బ కొడితే డ్రైవర్ బండి ఆపాలి.

గోడ పక్కన మనుషులు నడవడానికి పసుపు గీత గీసి ఉండేది. ఆ రోజు సరుకు ఎక్కువ వచ్చింది. "ఒక్క పూటేగా" అని ఆ గీత మీద పెట్టెలు పేర్పించింది సాక్షాత్తూ నేనే. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని వెళ్తుంటే ఆ పెట్టెలే అడ్డొచ్చాయి. ఆగి ఉన్న లారీ వెనక నుంచి దాటబోయాను. లారీ వెనక్కి కదిలింది. వెనక గోడ, పక్కన పెట్టెలు.

ధన్‌మని ఒక్క దెబ్బ!

"ఆపు భాయ్! ఎనక మేడం ఉన్నది!"

అటువైపు నుంచి యాదగిరి అన్నకి లారీ కింద నా చీర అంచు కనిపించిందట. బండి నాకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన తిట్టలేదు. "మేడం, జర గీ పెట్టె ఓ దిక్కు పట్టుండ్రి" అన్నాడు. ఏడుస్తూనే ఆయనతో కలిసి గీత మీది పెట్టెలన్నీ పక్కకి మోశాను. మర్నాటి నుంచి నా భోజనం వేళకి లారీ మీద చెయ్యి వేసి నిలబడేవాడు. "ఇగ పోండ్రి మేడం" అన్నాకే నేను కదిలేదాన్ని.

తర్వాత గోడౌన్ మూసేశారు. ఆయన ఫోన్ నంబరైనా తీసుకోలేదు నేను. ఇప్పటికీ అమీర్‌పేటలో ఏ బండైనా బీప్ బీప్‌మంటూ వెనక్కి వస్తే ఆగిపోతాను. బండి వెళ్లిపోయాక కూడా, ఆ "ఇగ పోండ్రి" అన్న మాట వినపడుతుందేమోనని కాసేపు నిలబడతాను.

– పద్మ, యూసుఫ్‌గూడ