రీలు మారే లోపల

కోర్టు గుమాస్తా రాజారత్నం కథలు రాసేవాడు. బతికినన్నాళ్లూ ఆయనకు సినిమా అంటే ఒళ్లుమంట. చిత్తూరంతా మద్రాసు పాటలే పాడుతోందనీ, తన కథ వినే చెవే లేదనీ బాధ. యుద్ధం రోజుల్లో డేరా టాకీసు యజమానిని బతిమాలి, రీలు మార్చే వ్యవధిలో కథ చదవడానికి నిలబడ్డాడు. సగంలోనే తెర వెలిగింది.

"కూసో అప్పా, బొమ్మ వచ్చిండాది!" అని జనం అరిచారు.

ఉక్రోషంతో బయటికొచ్చాడు. శెనక్కాయలమ్మే ముసలి కుప్పమ్మ వెంటే వచ్చింది.

"నీ కతలో ఆ పిల్ల యాడికి పోయింది నాయనా?"

"సినిమాలో సూసుకో పో!"

"సినిమా కత తెలిసిందే. నీదే తెలీలా."

రాజారత్నం ముఖం వెలిగింది. గబగబా కాగితాలు విప్పి ఒక వాక్యం చదివాడు. లోపల మళ్లీ రీలు ఆగింది.

"అట్నే పట్టుకో నాయనా, అమ్ముకోని వస్తా" అంటూ కుప్పమ్మ గంపతో లోపలికి పరిగెత్తింది.