రొయ్యల ఇగురులో ఉప్పు

నరసాపురంలో గోదావరి దాటే పంటు మీద ఒక ప్రేమను నిలబెట్టానని మా కర్నూల్లో ఏళ్ల తరబడి చెప్పుకుంటున్నాను.

పక్కన కూర్చున్న అమ్మాయి, ప్రేమించినవాణ్ణి వదిలేసి రావడానికి అవతలి ఒడ్డుకు వెళుతోంది. ఇంట్లో చెప్పే ధైర్యం అతనికి లేదట. ఆమె ఒళ్లో మాత్రం కూర క్యారియరు!

“వదిలేసేవాడికి కూరెందుకమ్మా?”

“ఒట్టి చేతుల్తో వెళ్తే బాగోదు కదండీ! రొయ్యల ఇగురండి. ఉప్పు మాత్రం గుప్పెడు ఎక్కువేశాను. జన్మలో నన్ను మర్చిపోకూడదు.”

పంటు ఒడ్డు చేరేసరికి ఆ అబ్బాయి తల్లిని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు.

“అమ్మో, వాళ్లమ్మగారండీ! ఇంట్లో చెప్పేశాడండీ! బాబాయిగారూ, ఈ కూర మీరుంచుకోండి!” క్యారియరు నా చేతిలో పెట్టేసి పరుగెత్తింది.

నిజానికి ఆ ప్రేమను నిలబెట్టింది ఆ అబ్బాయే. నేను చేసిందల్లా క్యారియరు నాదేనన్నట్టు వాళ్ల ముందు నుంచి దర్జాగా నడిచిపోవడం. ఆ రొయ్యల్ని కుళాయి కింద కడుక్కుని మరీ తిన్నాను.