జావెలినాలకు నీళ్ళు మోసిన మనిషి

జూన్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేశారు. "మీ అంకుల్ ఇక లేరమ్మా" అని ఆ ఒక్క మాట చెప్పి, ఫోన్ రే చేతికిచ్చారు. రే అంకుల్‌కి వేట స్నేహితుడు. మేముండే ఎడారి ఊరు టూసాన్‌కి దక్షిణాన ఉన్న కొండల్లో, అడవి జంతువుల కోసం కట్టిన నీళ్ళ తొట్టె దగ్గర అంకుల్ పడిపోయి ఉండగా చూసింది అతనే. పికప్ ట్రక్కు మీది ట్యాంకు నుంచి పైపు తొట్టెలోకి వేసి ఉందట. నీళ్ళన్నీ దిగిపోయాయట. మెస్కీట్ చెట్టు నీడకు చేరాలని నాలుగడుగులు వేసినట్టున్నారు, చేరలేకపోయారు. గుండె ఆగిపోయిందన్నారు డాక్టర్లు. డెబ్బై దాటిన ఒంటికి ఆ ఎండలో ముందు ఏది ఆగిందో ఎవరికి తెలుసు.

ఆయన నాకు బంధువు కారు. ఆయనది బాపట్ల దగ్గర ఊరు, నాది కరీంనగర్. ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో, తెలుగువాళ్ళ చర్చిలో ఆదివారం భోజనం పెడతారని విని వెళ్ళాను. నేను క్రైస్తవురాలిని కాను. అన్నానికే వెళ్ళాను. వడ్డిస్తున్న పెద్దాయన నా ప్లేటు వంక చూసి, "ఇదేం తిండమ్మా, పిచ్చుక కూడా ఇంతకన్నా తింటుంది" అని ఇంకో గరిటె వేశారు. నా మతమేమిటో ఆ రోజూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు. పేరు మాత్రం అడిగి, తను సరిగ్గా పలికారో లేదో అని రెండుసార్లు అని చూసుకున్నారు.

ఆయనే నన్ను అపార్ట్‌మెంట్ దగ్గర దింపారు. కారు దిగబోతుంటే చెత్త డబ్బాల వెనక నుంచి నల్లగా, బొచ్చుగా ఓ గుంపు బయటికొచ్చింది. భయంతో తలుపు మళ్ళీ వేసేసుకున్నాను.

"అంకుల్, గివేంది? అడవి పందులా?"

"పందులు కాదమ్మా, జావెలినాలు. చూడ్డానికి పందిలా ఉంటాయి గానీ పందికీ వీటికీ చుట్టరికం చాలా దూరం. వాటి పేరు వాటికుంది, ఆ పేరుతోనే పిలుద్దాం."

ఆసుపత్రిలో వెంటిలేటర్ల దగ్గర పనిచేసిన మనిషి ఆయన. స్పృహ లేకుండా పడున్న రోగిని కూడా పేరు పెట్టి పిలిచి, "ఇప్పుడు పైపు సర్దుతున్నాను" అని చెప్పి మరీ సర్దేవారట. వాళ్ళకి వినబడుతుందా అని అడిగితే, "వినబడదని నీకెవరు చెప్పారు?" అనేవారు.

ఆయన జావెలినాలను వేటాడతారని తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. అదే ఆసుపత్రిలో కరెంటు, ఏసీ పనులు చూసే రే ఓ ఏడాది సరదాగా వెంట తీసుకెళ్ళాడట. అప్పటినుంచి ప్రతి జనవరిలో ఇద్దరూ విల్లు, బాణాలు పట్టుకుని కొండలెక్కేవారు. సీజన్ దగ్గరపడితే అంకుల్ సబ్బు మానేసేవారు. వేట చొక్కాను వారం ముందే పెరట్లో దండెం మీద ఆరేసేవారు. జావెలినాకి చూపు తక్కువ, ముక్కు మాత్రం మహా చురుకు.

"నా పోపు వాసనకి అవి పారిపోతాయట. వంట మానెయ్యమంటున్నారు చూడు" అని ఆంటీ నాకు ఫిర్యాదు చేసేవారు.

"మానెయ్యమన్లేదు. నా చొక్కా ఆరాక పెట్టుకోమన్నాను."

కొట్టినదాంట్లో ఒక్క ముక్క వృథా కానిచ్చేవారు కాదు. అల్లం వెల్లుల్లి దట్టించి తనే వండి చర్చికి తెచ్చేవారు. బాణం వదిలే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవారని రే చెప్పాడు. ఏమని ప్రార్థిస్తారని ఓసారి అడిగాను. "తగిలితే వెంటనే పోవాలి, లేదా పూర్తిగా తప్పిపోవాలి అని. గాయం చేసి ఇంటికొచ్చి అన్నం తినలేనమ్మా" అన్నారు.

చదువయ్యాక ఉద్యోగం దొరక్క, వీసా గడువు దగ్గరపడి, నేను గదిలోంచి బయటికి రాని రోజులు కొన్ని ఉన్నాయి. ఒక పొద్దున్న అంకుల్ తలుపు కొట్టారు. "ల్యాప్‌టాప్ మూసెయ్. నడు, కొండ చూసొద్దాం." వేట రోజులవి. రే, ఆయన, నేను ఓ గుట్ట మీద కూర్చున్నాం. బైనాక్యులర్స్ నా చేతికిచ్చి, "కొండను చూడకు. కొండ మీద కదిలేదాన్ని చూడు" అన్నారు. చాలాసేపటికి ఎదుటి వాలు మీద, ఎండ పడిన చోట, ఓ రాయి కదిలింది. పక్కన ఇంకోటి. చూస్తుండగానే మంద మొత్తం కనబడింది. నాగజెముడు ఆకుల్ని ముళ్ళతో సహా కరకరా నములుతున్నాయి. ఎర్రమట్టి రంగు పిల్లలు రెండు తల్లి పొట్ట కింద దూరి నడుస్తున్నాయి.

"పిల్లలున్నాయి" అని అంకుల్ విల్లు కింద పెట్టేశారు. అవి వాలు దాటి వెళ్ళిపోయేదాకా ముగ్గురం చూస్తూ కూర్చున్నాం. దిగి వచ్చేటప్పుడు నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

తర్వాత నాకు ఆ ఊళ్ళోనే ఉద్యోగం దొరికింది. వాళ్ళ వేట కబుర్లు వింటూనే ఉన్నాను. ఆ కబుర్లు మెల్లగా మారుతూ వచ్చాయి. మొదట "ఈసారి కొంచెం తక్కువగా కనబడ్డాయి" అన్నారు. మరుసటేడు, రోజంతా తిరిగితే పాత అడుగుజాడలే దొరికాయన్నారు. నాగజెముడు ఆకులు ఎవరూ కొరక్కుండా అలాగే ఉన్నాయట. కనబడిన చిన్న గుంపుల్లో పిల్లలు లేవు. పెట్రోల్ బంకు దగ్గర కాఫీ తాగే వేటగాళ్ళందరి నోటా అదే మాట. ఒకరు వానల్లేకపోవడమే కారణమన్నారు. ఒకరు కొండ సింహాలన్నారు. ఇంకొకరు ఏదో రోగమన్నారు. ఒక శీతాకాలం ఎండిపోయిన కుంట పక్కన కొన్ని జావెలినాలు చచ్చిపడి కనబడ్డాయి. ఏ ఒక్కదాని మీదా తూటా గుర్తు లేదు, పంటి గాటు లేదు. అధికారులు వచ్చి నమూనాలు పట్టుకెళ్ళారు. రోగమే కావచ్చన్నారు, గట్టిగా చెప్పలేమన్నారు. అక్కడి వేట పర్మిట్లు తగ్గించారు.

ఆ ఏడాదీ అంకుల్‌కి పర్మిట్ వచ్చింది. అదే ఆయన ఆఖరి వేట. ఏం జరిగిందో చాలా రోజుల తర్వాత గానీ ఆయన చెప్పలేదు. బాణం సరిగ్గా తగిలింది, ఒక్కటి పడింది. మిగతావి చెల్లాచెదురై, కాసేపటికి తిరిగొచ్చాయి. మూతులతో దాన్ని పొడిచి లేపాలని చూశాయి. లేవకపోతే ఓ ముసలిది దాని పక్కనే పడుకుంది. అంకుల్ పొద వెనకే ఉండిపోయారు. ఎండ వాలేదాకా అవి కదల్లేదు, ఈయనా కదల్లేదు.

"ఐసీయూ బయట చుట్టాలు కూర్చుంటారు చూడు, అట్లా ఉన్నాయమ్మా" అన్నారు. ఆ కూర ఆయన వండారు. చర్చికి మాత్రం తేలేదు.

మరుసటి సీజన్‌కి ఆయన పర్మిట్‌కి అప్లై చేయలేదు. అంకుల్ వాళ్ళింట్లో భోజనాల దగ్గర రే దాని మీద గొడవపడ్డప్పుడు నేనూ ఉన్నాను. అతను ఇంగ్లీషులో అన్న మాటల్ని నాకు గుర్తున్నట్టు చెబుతున్నాను.

"నువ్వొక్కడివి మానేస్తే మందలు పెరుగుతాయా?"

"పెరగవు. నాకు తెలుసు."

"మన లైసెన్సుల డబ్బుతోనే ఆ తొట్టెలు నడుస్తున్నాయి. అందరూ నీలా మానేస్తే వాటిని చూసే దిక్కెవరు?"

"నువ్వన్నది నిజమే రే. కానీ మిగిలిన నాలుగింటిలోంచి నా చేత్తో ఇంకొకటి తియ్యలేను."

రే ప్లేటు తోసేసి లేచిపోయాడు. ముప్పై ఏళ్ళ స్నేహం కొన్ని నెలలు మూగబోయింది. ఆ వేసవిలో రెండు తొట్టెలు ఎండిపోయాయని విని, అంకుల్ ఓ పాత ట్యాంకు కొని, అనుమతి తీసుకుని, నీళ్ళు మోయడం మొదలుపెట్టారు. రెండోసారి వెళ్ళేసరికి రే ట్రక్కు అక్కడ ముందే నిలబడి ఉంది. ఇద్దరూ చెరో పైపు పట్టుకున్నారట.

వాళ్ళు పోసిన నీళ్ళు జింకలు తాగాయి, పిట్టలు తాగాయి, తేనెటీగలు తాగాయి. జావెలినాల అడుగులు ఎప్పుడో గానీ కనబడేవి కావు. "ఎవరి కోసం ఈ మోత?" అని ఆంటీ విసుక్కుంటే, "దాహం ఎవరిదైతేనేం?" అనేవారు. ఆ మాట పైకే. జావెలినా జాడ లేక తిరిగొచ్చిన ప్రతిసారీ ఆంటీ మొహం చూడకుండా నేరుగా స్నానానికి వెళ్ళిపోయేవారని ఆవిడ చెప్పారు.

జూన్‌లో ఒంటరిగా వెళ్ళొద్దని ఆంటీ గట్టిగా చెప్పారు. రే కూడా చెప్పాడు. ఆ శనివారం రేకి కంటి ఆపరేషన్ తర్వాతి చెకప్ ఉంది. తను వచ్చేదాకా ఆగమన్నాడు. అంకుల్ సరే అన్నారు, ఆగలేదు.

సమాధి కార్యక్రమంలో పాస్టర్ గారు బాగా మాట్లాడారు. రే వెనక వరుసలో, వేసుకోవడం అలవాటులేని సూటులో నిలబడ్డాడు. అందరూ వెళ్ళాక ఆంటీ చేతులు పట్టుకుని, "నేను తనని ఎలాగైనా ఆపాల్సింది" అని ఏడ్చాడు. ఆంటీ అతని వీపు నిమిరి, తెలుగులోనే "నా మాటే వినలేదు, నీ మాట వింటాడా" అన్నారు. ఆవిడ అంకుల్‌ని ఏకవచనంలో అనడం నేను వినడం అదే మొదటిసారి.

వారం తర్వాత, ఆ చోటు చూడాలని ఆంటీ పట్టుబట్టారు. సాయంత్రం ముగ్గురం వెళ్ళాం. రే ట్యాంకు నింపి తెచ్చాడు. తొట్టె నింపి, ఎదుటి గట్టు మీదికి వెళ్ళి కూర్చున్నాం. రాయి ఇంకా కాలుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా తొట్టె చుట్టూ ఉన్న కంచె కింది తీగను వీపుతో ఎత్తుకుంటూ ఒక జావెలినా లోపలికొచ్చింది. బక్కచిక్కి ఉంది. చెవి ఒకటి చీలి ఉంది. వంగి చాలాసేపు తాగింది.

"మిగతావేవీ?" అన్నారు ఆంటీ.

రే కొండంతా వెతికాడు. అటూ ఇటూ, మళ్ళీ మొదటినుంచీ. బైనాక్యులర్స్ దించేశాడు.

"మందలో ఉంటే ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి" అన్నాడు మెల్లగా. "వీపు మీది వాసన ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుతుంది. తమవాళ్ళెవరో అట్లా తెలుసుకుంటాయి."

కింద, అది మూతి ఎత్తి గాలి వాసన చూసింది. ఒక దిక్కు, ఇంకో దిక్కు. ఎటూ కదల్లేదు. కాసేపటికి కంచె మూలనున్న ఇనుప స్తంభం దగ్గరికి నడిచి, దానికి ఒళ్ళు ఆనించి, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ రుద్దుకోసాగింది.