సబ్‌జైల్లో తొమ్మిది గుండ్లు

కుదురుగా కూర్చుని విను పాపా, చెప్పింది చెప్పినట్టే రాయి. డెబ్బై ఎనిమిదిలో నన్ను తిరుపతికి రెండో తరగతి మేజిస్ట్రేటుగా వేశారు. వెళ్ళిన కొత్తలోనే ఐడెంటిఫికేషన్ పరేడ్ జరిపించమని ఉత్తర్వు వచ్చింది. అంటే, పోలీసులు పట్టుకున్న మనిషిని అవే పోలికలున్న కొందరి మధ్య నిలబెడతాం. దొంగను చూసిన సాక్షి వచ్చి, వీడే అని ముట్టుకుని చూపించాలి. పోలీసులు ఆ చుట్టుపక్కలే ఉండకూడదు.

కేసేమిటంటే, గూడూరు నుంచి వచ్చిన సుబ్బమ్మ చేతిలోంచి పట్టుచీరల సంచి ఎవడో లాక్కుపోయాడు. పోలికలు చెప్పమంటే 'గుండు, గుండుకు గంధం' అంది. తిరుపతిలో! ఆ పోలికలతో టెంకాయలమ్మే మునెయ్యను పట్టుకొచ్చారు. సబ్‌జైల్లో నా ముందు వాడు ఒకటే ఏడుపు.

"మొక్కుకు గుండు కొట్టించుకుంటినమ్మా, అంతే! ఆమె నన్ను ముట్టుకుంటే మూడేండ్లు లోపలేస్తారంట గదా!"

ముట్టుకుంటే కేసు బలపడుతుందే గానీ శిక్ష వేసేది విచారణ చేసే కోర్టనీ, దొంగతనానికి మూడేళ్ళు గరిష్ఠమనీ చెప్పాను. వాడికి 'మూడేళ్ళు' ఒక్కటే వినిపించింది. ఏడుపు పెంచాడు.

మామూలుగా పోలికలున్న మనుషుల కోసం నానా తిప్పలు పడాలి. మా అటెండరు గోవిందప్ప వీధిలోకి వెళ్ళి, కాఫీ చల్లారేలోగా ఎనిమిది గుండ్లను తోలుకొచ్చాడు. మునెయ్యను ఎరుగుదురా అని అడిగితే అందరూ ఎరగమన్నారు. నోరు మెదపకూడదని గట్టిగా చెప్పి వరసలో నిలబెట్టాను. ఎక్కడ నిలబడాలో ముద్దాయి ఇష్టం. మునెయ్య చివర్న నక్కాడు.

సుబ్బమ్మ "ఆ మొగం సచ్చినా మరసను" అంటూ వచ్చింది. ఒక్కొక్కరినీ చూస్తూ నాలుగో ఆయన దగ్గర ఆగి, గుండు మీద టప్పున చెయ్యేసింది.

"వీడేనమ్మా! ఈ దొంగసూపు నాకు బాగా తెలుసు!"

ఆయన దీనంగా నావైపు చూశాడు. మాట్లాడమన్నాను.

"తెలీకేం మే, పద్దెనిమిదేండ్లుగా సూస్తానే ఉండావు గదా!"

ఆమె మొగుడు! సంచి దొరకాలని మొక్కుకుని, ఆమెకు చెప్పకుండా ఆ పొద్దునే కొండకెళ్ళి తలనీలాలు మీసంతో సహా ఇచ్చేశాడు. పెళ్ళాం కోసం జైలు గేటు దగ్గర నిలబడితే గోవిందప్ప లోపలికి తోలాడు.

"నిన్నెవురు కొట్టించుకోమన్నారయ్యా? మీసం గూడానా!" అని సుబ్బమ్మ.

"అమ్మా, నాకు బెయిలు దొరుకుతాదా?" అని ఆయన.

మునెయ్య పరుగున వచ్చి ఆయన కాళ్ళమీద పడ్డాడు. సాక్షి ముద్దాయిని గుర్తించలేదని రాసి సంతకం పెట్టాను. వేరే సాక్ష్యం లేక తర్వాత వాణ్ణి వదిలేశారు.

నేను నేర్చుకున్నది ఇదీ: తెలిసిన మొహం వేరు, నేరం చేస్తుండగా చూసిన మొహం వేరు. తెలిసిన ప్రతి మొహానికీ శిక్ష వేస్తూ పోతే, ఊళ్ళో ముందు జైలుకు పోయేది మొగుళ్ళే, ఎందుకంటే... ఆఁ, వస్తా ఉండానే తల్లీ! సంగటి చల్లారిపోతుందని లోపల్నుంచి పిలుస్తున్నారు పాపా, మిగతాది తిన్నాక.