ఊతకర్ర చప్పుడు

మా ఆయన పని సినిమాలకు చప్పుళ్లు చేయడం. తెర మీద ఎవడో నడుస్తుంటే, చీకటి గదిలో బూట్లు వేసుకుని నడిచేది ఈయన. ఎముక విరగాలంటే క్యారెట్ విరుస్తాడు. ఆ క్యారెట్లు నా వంటింట్లోవే! తలుపు కిర్రుమంటోంది, కాస్త నూనె వేయండి అంటే, "ఆగవే, ముందు పట్టనీ" అని రికార్డరు తీసే రకం. ఇంట్లో దొంగలు పడినా ముందు వాళ్ల అడుగులు పట్టి, ఆ తర్వాతే కేకలు వేస్తాడు.

మా అన్నయ్య మాతోనే ఉంటాడు. యుద్ధానికి వెళ్లి కుడికాలు పాడుచేసుకుని వచ్చాడు. ముందు ఊతకర్ర టక్కుమంటుంది, వెనకే కాలు సర్రుమని ఈడ్చుకుంటూ వస్తుంది. ఆ చప్పుడు వినబడితే చాలు, మెట్ల దగ్గర ఆడుకునే ఇరుగుపొరుగు పిల్లలు ఎదురు పరుగెత్తేవాళ్లు. అన్నయ్య జేబులో వాళ్లకోసం ఎప్పుడూ చాక్లెట్లుండేవి.

ఈ మధ్య ఈయన ఒక పెద్ద సినిమాకు పనిచేశాడు. రాబోయే కాలం కథ. ఓడిపోయినా కుర్చీ దిగని ఏలిక ఒకడు సొంత ఊళ్ల మీదే బాంబులు వేయిస్తాడు. వాడి కింద మనుషుల్ని చిత్రహింసలు పెట్టే అధికారి ఒకడున్నాడు, కుంటివాడు. చాలాసేపు వాడి ముఖం కనబడదు, నడక మాత్రం వినిపిస్తుంది.

ముగ్గురం చూడడానికి వెళ్లాం. "మా బావ పని నేను వినకపోతే ఎవడు వింటాడు?" అని అన్నయ్యే పట్టుబట్టాడు. ఈయన మాత్రం తలనొప్పి అన్నాడు, టికెట్లు దొరకవన్నాడు, వాన వచ్చేలా ఉందన్నాడు. ఎందుకీ నసుగుడో నాకు అర్థం కాలేదు.

హాల్లో అర్థమైంది. చీకటి తెర మీద టక్... సర్ర్. జనం ఊపిరి బిగబట్టారు. అది మా వరండాలో రోజూ వినే చప్పుడే! పక్కకు చూస్తే ఈయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. అన్నయ్య కర్రను ఒళ్లోకి లాక్కున్నాడు.

నిజం చెప్పొద్దూ, సినిమా మంచిదే. నేను ఏడ్చాను కూడా. కానీ బాంబు పేలినప్పుడల్లా ముందు వరసవాళ్లు ఈలలు వేస్తుంటే ఒళ్లు మండింది.

ఇంటికి వస్తూ అన్నయ్య అన్నాడు: "బాగుంది. అబద్ధం చెప్పలేదు. బాంబులే మరీ అందంగా పేలాయి." తర్వాత ఈయన వైపు తిరిగి, "ఆ అడుగు నాదే కదా బావా?" అన్నాడు.

"కర్రలు మార్చాను, బూట్లు మార్చాను, ఎంత చేసినా రాలేదు బావా. నీ నడకలో ఆ నొప్పి..."

"అందులో పారిపోయేవాళ్లు అంతమంది ఉన్నారు కదా. వాళ్లలో ఒకడికి నా నడక పెట్టాల్సింది."

ఇంటికొచ్చాక నేను దులిపేశాను. "ముందు ఒక్క మాట అడిగితే మీ నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

"అడిగితే వద్దంటాడేమోనని భయమేసిందే" అన్నాడు. తప్పని తెలిసే చేశాడన్నమాట.

పిల్లలూ ఆ సినిమా చూశారు. మర్నాడు మెట్ల మీద కర్ర టక్కుమనగానే "వచ్చాడ్రోయ్!" అని తలోదిక్కూ పరుగెత్తారు. అందరికంటే చిన్నది మాత్రం ఆట కాదు, నిజంగానే బెదిరి ఏడ్చింది. అన్నయ్య జేబులో చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

తర్వాత ఒకరోజు ఈయన బల్ల దగ్గర పని చేసుకుంటూ వెనక్కి తిరిగి ఉలిక్కిపడ్డాడు. అన్నయ్య నిలబడి ఉన్నాడు. చీమ నడిచినా వినే మనిషికి అన్నయ్య రావడం వినబడలేదు. కర్ర కొసకు పాత మేజోడు చుట్టి, తాడుతో కట్టి ఉంది. కాలికీ మందపాటి మేజోడు తొడిగాడు.

"పిల్లలు జడుసుకుంటున్నారు బావా. నీ చెవి గట్టిది కదా, నడుస్తాను, విని చెప్పు" అని అన్నయ్య వరండా ఆ చివరిదాకా వెళ్లి, తిరిగి వచ్చాడు.

"వినిపిస్తోందా?"

ఈయన గోడ పట్టుకున్నాడు. "వినిపిస్తోంది బావా" అంటూ బావురుమన్నాడు.

నాకైతే ఏమీ వినిపించలేదు.