రొట్టెల దాదా చెప్పించిన పేర్లు

నా చిన్నప్పుడు మేం దోహాలో, ఉమ్ ఘువైలినా పేటలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్ళం. మా నాన్న నిజామాబాద్ నుంచి వచ్చిన దర్జీ. కింద రొట్టెల దుకాణం నడిపే ముసలాయనది కాబూల్. పిల్లలమంతా ఆయన్ని రొట్టెల దాదా అనేవాళ్ళం. ఒకప్పుడు వాళ్ళది సర్దార్ల, అంటే పెద్ద దొరల, ఇల్లట. మోచేతుల దాకా పిండి అంటుకున్న మనిషి ఆ మాట చెబితే నాకు కిసుక్కున నవ్వొచ్చేది.

రొట్టె ఊరికే ఇచ్చేవాడు కాదు. ముందు వాళ్ళ వంశంలోని పేర్లు వరసగా చెప్పాలి. గవర్నరు చేసినాయన, సేనాపతి, కవి, ఆడపిల్లలకు బడి పెట్టిన మేనత్త, ఇలా పద్నాలుగు మంది. ఒక్కటి తప్పితే "ఫిర్ సే" అని మళ్ళీ మొదటినుంచి చెప్పించేవాడు. ఈలోగా తందూరులో నా రొట్టె మాడిపోయేది. అది చూసి మా అమ్మకు ఒళ్ళు మండేది. "నీ తాతల పేర్లే నీకు తెల్వవు, ఆయన తాతల పేర్లు నీకెందుకే?" అని తిట్టేది.

పద్నాలుగో పేరు మూడేళ్ళకే పోయిన ఆయన చెల్లెలిది. ఆమె ఏం గొప్ప పని చేసిందని అడిగాను. గొప్పవాళ్ళను లోకం తలుచుకుంటుంది, ఈ పిల్లను తలుచుకోవడానికి నేను తప్ప ఎవరున్నారు అన్నాడు వచ్చీరాని హిందీలో. పేర్లు రాసిన కాగితం వాళ్ళ ఇంటితో పాటే కాలిపోయిందట. అందుకే నన్ను రాసుకోనివ్వలేదు. తన వాళ్ళెవరైనా వస్తే నోటితోనే చెప్పాలని మాట తీసుకున్నాడు. ఆ ఏడాదే పోయాడు. ఎవరూ రాలేదు.

నేనిప్పటికీ దోహాలోనే ఉంటున్నాను. ఈమధ్య కాబూల్‌లో ప్రభుత్వం కూలి, అక్కడి జనం విమానాల్లో ఇక్కడికి వచ్చిపడ్డప్పుడు దుప్పట్లు పంచడానికి వెళ్ళాను. ఒక అమ్మాయి మాటల్లో, తన తాత తమ్ముడు దోహాలో రొట్టెలు కాల్చి బతికాడని చెప్పింది. ఆత్రంగా మొదటి పేరు చెప్పానో లేదో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మెల్లగా ఆంటీ. మా అన్న ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ ఇంటివాడని తెలిస్తే ఇప్పుడు ఏలుతున్నవాళ్ళు బతకనివ్వరు. నా బిడ్డకు కూడా ఈ పేర్లు చెప్పలేదు, చెప్పను" అంది ఉర్దూలో. తర్వాత చుట్టూ చూసి, దుప్పటి తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమెది తప్పనలేను. నా పిల్లలకేమో ఆ పేర్లకు నోరు తిరగదు, చెప్పమంటే నవ్వుతారు. అయినా తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే పద్నాలుగూ వరస తప్పకుండా లోలోపల చెప్పుకుంటాను. నేను పోయిన రోజు ఆ పద్నాలుగు మందీ మళ్ళీ చనిపోతారు.